మూట జారిన గడి ఎంత ఉండాలి?

బొమ్మల కథలు గీసేవాళ్ల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పేజీని ఎలా విడగొట్టుకోవాలన్న దాని మీదే ఉన్నాయి. పేజీలో ఒక్కో బొమ్మకు గీత గీసి ఇచ్చే చోటును కొందరు ప్యానెల్ అన్నారు, కొందరు ఫ్రేమ్ అన్నారు. మా నాన్న గడి అనేవారు, నాకూ అదే అలవాటైంది. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఆయన షాపుల బోర్డులు రాసేవారు. ఒకే రేకు మీద ఒడియా, తెలుగు, ఇంగ్లిష్ మూడూ పట్టాలి. బ్రష్ ముట్టుకోక ముందే సుద్ద పట్టించిన దారం బిగించి కొట్టి, రేకునంతా గడులు చేసుకునేవారు. దారం రెండో కొస పట్టుకుని నిలబడటం నా పని. పేజీ గురించి నేను నేర్చుకున్నది అక్కడే మొదలైంది.

ప్రశ్న: టీచర్ గారూ, నేను గుణుపురంలో ప్లస్ టూ చదువుతున్నాను. మా అమ్మమ్మ చెప్పిన చిన్న రైలు కథను రెండు పేజీల బొమ్మల కథగా గీశాను. ఫొటోలు పంపిస్తున్నాను. ఫ్రెండ్స్‌కి చూపిస్తే ఒక్కొక్కళ్లు ఒక్కో వరసలో చదివారు. మూట ఎప్పుడు పడిందో ఎవరికీ అర్థం కాలేదు. నా బొమ్మలు బాగాలేవా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టు తల్లీ. చీర కుచ్చిళ్లు, మూట ముడి, టికెట్టు పట్టుకున్న వేళ్లు, అన్నీ శ్రద్ధగా చూశాను. నీ చెయ్యి బాగుంది. తికమకంతా గడుల అమరికలో ఉంది, అది దిద్దుకోవచ్చు.

మిగతా పాఠకుల కోసం కథ క్లుప్తంగా చెబుతాను. కొత్తగా పెళ్లయిన అమ్మమ్మ గుణుపురంలో నౌపడ వెళ్లే రైలు ఎక్కుతుంది. పుట్టింటివాళ్లు కట్టి ఇచ్చిన మూట చేతిలో ఉంటుంది. రైలు కదిలాక మూట జారి ప్లాట్‌ఫారం మీద పడిపోతుంది. ముక్కూమొహం తెలియని కుర్రాడొకడు దాన్ని తీసుకుని పరిగెత్తి కిటికీలోంచి అందిస్తాడు.

నీ మొదటి పేజీలో పన్నెండు గడులున్నాయి, అన్నీ ఒకే కొలత. టికెట్టు కొనడానికి ఎంత చోటిచ్చావో, టీ తాగడానికీ అంతే ఇచ్చావు, మూట జారడానికీ అంతే ఇచ్చావు. కథకు ప్రాణమైన గడి పదకొండోది. అది అరచేతిలో సగం కూడా లేదు. ఇక్కడ ఎంతసేపు ఆగాలో చదివేవాళ్లకు గడి సైజే చెబుతుంది. అన్నీ ఒకే సైజులో ఉంటే కన్ను అన్నిటినీ ఒకే వేగంతో దాటేస్తుంది. నీ ఫ్రెండ్స్ కూడా మూటను అలాగే దాటేశారు.

ఒక కాగితం మీద ఆ పేజీలో జరిగే పనులన్నీ వరసగా రాయి. ఏది తీసేస్తే కథే లేకుండా పోతుందో దాని కింద గీత పెట్టు. దానికి పేజీలో మూడో వంతు ఇవ్వు. టికెట్టు, టీ, జనం, వీడ్కోలు నాలుగు గడులు అక్కర్లేదు. పైన అడ్డంగా ఒకే వెడల్పాటి గడి గీసి స్టేషనంతా అందులో పెట్టెయ్యి. ఒక మూల టికెట్ కిటికీ, ఇంకో మూల టీ కెటిల్, మధ్యలో అమ్మమ్మ. ఎక్కడున్నామో ఒక్క చూపులో తెలిసిపోతుంది. తర్వాత గడులు సన్నవైనా ఫరవాలేదు.

ఇక రెండో పేజీ. ఎడమవైపు ఒకదాని కింద ఒకటి రెండు చిన్న గడులు, వాటి పక్కన కుడివైపు ఆ రెండిటి ఎత్తూ ఉన్న ఒక నిలువు గడి పెట్టావు. మనం చదివేది ఎడమ నుంచి కుడికి, ఆ వరస అయ్యాక కిందికి. పైన ఎడమ గడి చదివాక కన్ను ఎటు పోవాలి? పక్కకా, కిందికా? సగం మంది పక్కకు పోయారు. ఆ నిలువు గడిలో కుర్రాడు పరిగెడుతున్నాడు. కింద ఎడమ గడిలో మూట పడి ఉంది. పక్కకు పోయినవాళ్లకు మూట పడకముందే కుర్రాడు పరుగు మొదలుపెట్టినట్టు కనబడింది.

దీనికి తేలికైన మందు, నిలువు గడిని ఎడమవైపుకు మార్చడం. అప్పుడు అది చదివాక కుడివైపు పై గడి, దాని కింది గడి, వేరే దారే ఉండదు. కానీ నీ కథలో కుర్రాడు ఆఖర్న రావాలి కాబట్టి నిలువు గడి కుడివైపే ఉండాలి. అలాంటప్పుడు ఎడమవైపు రెండు గడుల మధ్య ఖాళీ బాగా తగ్గించు, రెండు మిల్లీమీటర్లు చాలు. నిలువు గడికి ముందు ఖాళీ ఆరేడు మిల్లీమీటర్లు ఉంచు. దగ్గరగా ఉన్న గడులను కన్ను ఒకటిగా కలుపుకుంటుంది, ముందు వాటిని పూర్తి చేసి గానీ పక్కకు రాదు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. పూరీ దగ్గర రఘురాజ్‌పూర్‌లో తాటాకు బొమ్మలు చూశాను. తాటాకు పట్టీలను పక్కపక్కన పెట్టి దారంతో కుడతారు, గంటంతో గీసి మసి రుద్దుతారు. ఒకే బొమ్మ నాలుగైదు పట్టీల మీదుగా సాగుతుంది. మధ్యలో అతుకు వచ్చినా కన్ను ఆగదు, అటు గీత ఇటు గీతతో కలుస్తుంది కాబట్టి. నువ్వు కూడా పై గడిలో ప్లాట్‌ఫారం అంచును వాలుగా గీసి, అదే గీతను కింది గడిలో కొనసాగించు. చూపు దాన్ని పట్టుకుని కిందికి జారుతుంది.

మామూలు గడులకైతే ఏ4 కాగితం మీద పక్కపక్క గడుల మధ్య మూడు మిల్లీమీటర్లు, వరసకూ వరసకూ మధ్య అయిదు మిల్లీమీటర్లు పెట్టుకో. వరసల మధ్య ఖాళీ ఎప్పుడూ కాస్త ఎక్కువుండాలి.

ఇప్పుడు ముఖ్యమైన మాట. మొదటి పేజీ పదకొండో గడిలో మూటను గాలిలో గీశావు. ఆ బొమ్మ తీసెయ్యి. కష్టపడి గీశావని తెలుసు, అయినా తీసెయ్యి. మూట ముడి మీద పట్టు వదులైన వేళ్లు ఒక గడిలో చూపించు. తర్వాతి గడిలో ఖాళీ ప్లాట్‌ఫారం, ఒంటరిగా మూట, దూరమవుతున్న రైలు. రెండిటి మధ్య ఖాళీలో మూటను పడేసేది చదివేవాళ్లే. తాము పడేసినదాన్ని వాళ్లు మరిచిపోరు.

ఈ రెండు గడులనూ ఒకే పేజీలో పెట్టకు. పుస్తకంలో 1వ పేజీ కుడివైపు వస్తుంది, 2వ పేజీ కాగితం తిప్పితే గానీ కనబడదు. వేళ్ల గడి 1వ పేజీకి చిట్టచివర ఉండాలి. కాగితం తిప్పగానే 2వ పేజీ పైభాగమంతా మూట. నీ కథ రెండు పేజీలే కావడం ఇక్కడ నీ అదృష్టం. అదే 2, 3 పేజీల్లో వచ్చి ఉంటే ఎదురెదురు పేజీలు కాబట్టి మూట ముందే కంటబడేది.

రైలు గురించి ఒక మాట. నువ్వు గీసింది ఇప్పటి పెట్టె. ఆ రోజుల్లో మన లైను పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే, ఇప్పటి బ్రాడ్‌గేజి అయిదున్నర అడుగులు. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా వేశారు, గుణుపురం దాకా తర్వాత పెంచారు. ఆ చిన్న రైలు 2004లో ఆగింది. బ్రాడ్‌గేజి మీద గుణుపురానికి రైలు వచ్చింది 2011లో. చిన్నప్పుడు నాన్నతో పర్లాకిమిడి నుంచి పాతపట్నం ఆ రైల్లోనే వెళ్లాను. పెట్టె చిన్నది, వేగం తక్కువ. నీ కథలో కుర్రాడు పరిగెత్తి అందుకోగలిగాడంటే అందుకే. ఇప్పటి రైలు గీస్తే ఆ పరుగును ఎవరూ నమ్మరు. పెట్టె చిన్నదైతే నీ గడికీ లాభమే, అమ్మమ్మ మొహం కిటికీ నిండా వస్తుంది.

మళ్లీ పెద్ద కాగితం మీద మొదలుపెట్టకు. పేకముక్కంత పేజీలు గీసుకో, ఒక్కో పేజీకి ఆరు రకాలుగా. మనుషుల్ని గీయొద్దు, గుండ్రాలు, కర్రలు చాలు. వాటిని కథ తెలియని ఒకరికి చూపించి, వేలితో వరస చూపించమను. వేలు ఎక్కడ తడబడితే అక్కడ దిద్దుకో.

ప్రశ్న: రాయగడలో కంప్యూటర్ షాపు నడుపుతున్నాను. రాత్రిళ్లు ట్యాబ్ మీద బొమ్మల కథ గీస్తున్నాను. మాటల బుడగలు బొమ్మలను మింగేస్తున్నాయి మేడమ్. ఇంకో సమస్య, నా పాత్రలు ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడతాయి. ఒడియా మాటలను ఎలా చూపించాలి?

జవాబు: మీరు ముందు బొమ్మ గీసి, మిగిలిన చోట మాటలు ఇరికిస్తున్నారు. బోర్డు మీద మా నాన్న ముందు అక్షరాలకు చోటు కొలిచేవారు, ఆవు బొమ్మో ఫ్యాన్ బొమ్మో మిగిలిన చోట్లో వేసేవారు. మీరూ గడి గీత పడగానే మాటలు టైపు చేసి పెట్టేయండి, తర్వాత మనుషుల్ని గీయండి. అలా చేస్తే తల బుడగలోకి దూరడం అనే గొడవే రాదు.

తెలుగుకు సొంత ఇబ్బంది ఒకటుంది. "వెళ్ళిపోతున్నాడనుకున్నాను" ఒకే మాట. దాన్ని మధ్యలో విరిస్తే చదవడానికి అడ్డు తగులుతుంది. ఇంగ్లిష్‌లో అదే సంగతి నాలుగైదు చిన్న మాటలు అవుతుంది కాబట్టి ఒకదాని కింద ఒకటి పేర్చి గుండ్రటి బుడగలో పెట్టేస్తారు. మనకు బుడగ వెడల్పుగా, పొట్టిగా కావాలి. బుడగ వెడల్పైతే గడీ వెడల్పవ్వాలి. అందుకే మాటలు ఎక్కువున్న పేజీలో ఒక వరసకు రెండు గడులు పెట్టండి, తప్పదంటే మూడు. నాలుగు పెడితే మీరు చెప్పిన కష్టమే వస్తుంది. బుడగలో మాటల వరసల మధ్య కూడా చోటు ఎక్కువ వదలాలి. పైన గుడి, కింద వత్తు ఉంటాయి కదా. "స్త్రీ", "రాష్ట్రం" లాంటి మాటలు రెండు వరసల్లో ఒకదాని కింద ఒకటి పడేలా టైపు చేసి చూడండి, ఎంత ఖాళీ కావాలో అక్కడే తేలిపోతుంది.

మొదట మాట్లాడే మనిషిని ఎడమవైపు నిలబెట్టండి. మీరు పంపిన మూడో గడిలో జవాబిచ్చే మామయ్య ఎడమవైపు ఉన్నాడు, అందుకని ప్రశ్న కంటే ముందు జవాబు చదివేస్తున్నాం. ఒక గడిలో రెండు బుడగలు సరిపోతాయి. మూడోది వస్తే దానికి ఇంకో గడి ఇవ్వండి.

ఒడియా మాటలను తెలుగు అక్షరాల్లోనే రాయండి. కూరగాయల కొట్టతను చెయ్యెత్తి నవ్వుతూ "కెమితి అఛొ?" అంటే, పక్క బుడగలో మీ పాత్ర "బాగానే ఉన్నాం" అంటుంది. గుంటూరులో చదివేవాళ్లకు కూడా అర్థమైపోతుంది. కింద చిన్న అక్షరాల్లో అర్థాలు రాయకండి, కన్ను గడి అడుగుకు పోయి మళ్లీ పైకి రావాల్సి వస్తుంది. సంభాషణంతా ఒడియాలో జరిగే పేజీ అయితే మాటలు తెలుగులో రాసి, బుడగ అంచు మాత్రం జంట గీతగా గీయండి. జంట గీత అంటే ఒడియా అని మొదటి పేజీలోనే ఒక్కసారి తెలిసేలా చేస్తే చాలు. మన ఊళ్లలో భాష వీధి మలుపులో మారిపోతుంది. అది మీ కథలోకి రావడం నాకు చాలా సంతోషంగా ఉంది, మానకండి.

ప్రశ్న: గడుల గీతలు స్కేలుతో గీయాలా, చేత్తో గీయాలా? బొమ్మ పేజీ అంచుదాకా పోవచ్చా? (కోరాపుట్ నుంచి)

జవాబు: రెండూ బాగుంటాయి. ఒక కథలో ఒకటే పాటించండి. ఏదైనా గీతలకు ఇంకు పెట్టడం ఆఖర్న.

అంచు సంగతి నాకు దెబ్బ తగిలి తెలిసింది. ఒక పిల్లల పత్రికకు నేను పంపిన మొదటి కథలో చివరి బుడగ పేజీ అడుగుకు ఆనుకుని ఉంది. "నేను రాను" అని ఒక వరస, "నువ్వు లేకుండా" అని కింది వరస. అచ్చయ్యాక కాగితాల అంచులు కత్తిరించే కోతలో కింది వరస పోయింది. అన్నను వదలని చెల్లెలి కథ కాస్తా మొండికేసిన చెల్లెలి కథగా అచ్చయింది. ఆ కాపీ ఇంట్లో చూపించలేక రెండు రోజులు ఏడ్చాను. కోత కత్తి ప్రతి కట్టకూ ఒకేచోట పడదు. బొమ్మ అంచుదాకా పోవాలంటే కోత గీత దాటి ఇంకో మూడు మిల్లీమీటర్లు గీయండి. మాటలు మాత్రం కోత గీతకు ఒక సెంటీమీటరు లోపలే ఉంచండి.

ప్రశ్న: జపాన్ కామిక్స్ అంటే ప్రాణం టీచర్. నేను కూడా కుడి నుంచి ఎడమకు, వాలు గడులతో గీయొచ్చా? (జయపురం, పదో తరగతి)

జవాబు: జపాన్‌వాళ్లు నిలువు వరసల్లో రాస్తారు, ఆ వరసలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. గడులూ అటే నడుస్తాయి. రాతకూ గడులకూ అక్కడ ఒకే దారి. నువ్వు రాసేది తెలుగు బాబూ. గడులు ఎడమకు, బుడగలోని అక్షరాలు కుడికి పోతే చదివేవాళ్లు ప్రతి గడి దగ్గరా వెనక్కి తిరగాలి. కాబట్టి మన దారిలోనే గీయి.

వాలు గడులు తప్పకుండా గీయి, కానీ దాచుకుని వాడు. నువ్వు పంపిన అయిదు పేజీల్లో అన్నీ వాలుగానే ఉన్నాయి, కబడ్డీ ఆటా వాలే, ఇంట్లో అన్నం తినడమూ వాలే. నాలుగు పేజీలు నిటారు గడులతో నడిపి, కూతకు వెళ్లినవాడి కాలు దొరికే గడి ఒక్కటి వాలుగా కోసి చూడు. వాళ్ల పుస్తకాల నుంచి నేర్చుకోవాల్సింది ఇంకోటుంది. ఎవరూ మాట్లాడని గడులు, వర్షం, ఖాళీ వీధి, చెప్పుల జత. అవి గీసి పంపు.

ప్రశ్న: అమ్మా, బరంపురంలో పట్టు మగ్గం మీద నలభై ఏళ్లు పని చేశాను. మనవడు హైదరాబాద్‌లో ఉంటాడు. నాడె, అదే పేక దారాన్ని మోసుకుని అటూ ఇటూ పోయే పనిముట్టు, ఎలా వేస్తామో వాడికి ఒక పేజీలో గీసి పంపాలని ఉంది. గ్రాఫ్ కాగితం మీద అంచు డిజైన్లు వేసిన చెయ్యే గానీ, కథ గీయడం రాదు.

జవాబు: అయ్యా, గ్రాఫ్ మీద ఒక్కో చదరం లెక్కపెట్టి డిజైను వేసిన మీకు పేజీ విడగొట్టడం నేను నేర్పాల్సిన పని కాదు. కాస్త దారి చెబుతాను, అంతే.

గుణుపురం అమ్మాయికి గడులన్నీ ఒకే సైజులో వద్దన్నాను. మీరు మాత్రం ఒకే సైజులో గీయండి. వరసకు రెండు చొప్పున మూడు వరసలు, ఆరు గడులు. ఆరింటిలోనూ మగ్గం ఒకే చోటు నుంచి, నేసేవాడి కుడి భుజం మీదుగా చూసినట్టు ఉండాలి. పడుగు, అంటే మగ్గం మీద బిగించిన నిలువు దారాలు, కదలకూడదు, మగ్గం కర్రలు కదలకూడదు. చేతులూ నాడె మాత్రమే మారాలి. మిగతాదంతా స్థిరంగా ఉంటేనే మారినదేదో పిల్లవాడి కంటికి దొరుకుతుంది. ఒక గడి గీసి, దాన్ని కిటికీ అద్దానికి ఆనించి మిగతా అయిదింటికీ మగ్గాన్ని దించుకోండి.

ఆ అమ్మాయిని మూట గాలిలో ఉన్న బొమ్మ తీసెయ్యమన్నాను కదా. మీరు నాడె పడుగు మధ్యలో ఉన్న బొమ్మ తప్పకుండా ఉంచండి. మూట ఎలా పడుతుందో అందరూ చూసినదే, ఖాళీలో ఊహించుకుంటారు. నాడె పోయే దారి మీ మనవడు ఎప్పుడూ చూడలేదు. చూడనిదాన్ని ఖాళీలో వదిలేస్తే అక్కడ వాడికి ఏమీ కనబడదు.

నేసేవాడి కాలు మగ్గం కింది గుంటలో ఉంటుంది కాబట్టి పై నుంచి చూస్తే కనబడదు. మొదటి గడిలోనూ ఆరో గడిలోనూ కింది మూల చిన్న గడి కట్టి, అందులో తొక్కుతున్న పాదం ఒక్కటే గీయండి. పాదం మారితే పడుగు మారుతుందని వాడికి దానంతట అదే తెలుస్తుంది. మాటలు తక్కువ రాయండి. పడుగు, పేక, నాడె, కండె (నాడెలో దారం చుట్టి పెట్టేది), ఈ నాలుగు పేర్లూ ఆయా వస్తువుల పక్కనే రాస్తే చాలు.

పేజీ అడుగున అడ్డంగా ఒక వెడల్పాటి గడి మిగిలేలా కొలుచుకోండి. అందులో మనుషులు వద్దు, చీర అంచు మీద గోపురంలా కొసదేలిన కుంభాల వరస ఒక్కటే. మీరు గ్రాఫ్ మీద వేసే లెక్కలోనే, చదరానికి చదరం వేయండి. వాడు వేలు పెట్టి లెక్కపెట్టుకుంటాడు.